నా వంతు రెండు లీటర్లు

నవంబరు 2, ఆదివారం. రాత్రి 7.40

ఈ రోజు ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం మీటింగులో లేచి నిలబడి, పంతొమ్మిదిమంది ఎదుట ఒక తీర్మానం ప్రకటించాను. నలుగురిలో చెబితేగాని నిలబెట్టుకోనని నా సంగతి నాకు తెలుసు.

పద్నాలుగో తేదీన మా సంఘం జోర్డాన్ యాత్రకి బయల్దేరుతోంది. మా పాస్టరు జాన్సన్ అయ్యగారు, అమ్మగారు, ఇరవైమంది విశ్వాసులు, నలభై మోకాళ్ళ నొప్పులు. తొమ్మిది రోజులు.

తీర్మానం:
1. ఒకే ఒక్క సంచి. ఏడు కిలోలు. విమానంలో నా పక్కనే.
2. ఎవరి వస్తువూ మోసుకెళ్ళను. ఎవరికీ ఏదీ మోసుకురాను.
3. నూనె, టానిక్కు, షాంపూ, ఏదైనా సరే వంద మిల్లీలీటర్లు దాటని సీసాలోనే.
4. డ్యూటీఫ్రీ షాపులో అడుగు పెట్టను.

2018లో దుబాయి నుంచి వచ్చినప్పుడు నా సూట్‌కేసులో నావి రెండు చీరలు. మిగతా ఇరవై రెండు కిలోలూ బంధుప్రేమ. పాలపొడి, సెంట్లు, నొప్పుల తైలం, ఎవరిదో మిక్సీ జారు. ఇంటికొచ్చాక నడుం పట్టేస్తే రాసుకోవడానికి ఆ తైలం ఒక్క చుక్క మిగల్లేదు.

ఈసారి స్వేచ్ఛ. హాయిగా ఉంది. డెబ్భై నాలుగేళ్ళకి వచ్చినా వచ్చింది.

నవంబరు 4, మంగళవారం. మధ్యాహ్నం 2.00

రెండు రోజుల్లో వచ్చిన ఫోన్లు పదకొండు. అందులో నా ఆరోగ్యం అడిగినవి రెండు. అవి కూడా మోయగలనో లేదో తెలుసుకోవడానికే.

అడిగినవి: మృతసముద్రం సబ్బులు. ఒలీవ నూనె. ఖర్జూరం. చాక్లెట్లు ("పెద్ద త్రికోణం డబ్బా పిన్నీ, చిన్నది కాదు"). సెంటు. యొర్దాను నీళ్ళు, నలుగురికి. విస్కీ, ఆరుగురికి.

విస్కీ అడిగిన ఆరుగురిదీ ఒకే వాదన. విదేశం నుంచి వచ్చే ఒక్కో మనిషికీ రెండు లీటర్లు పన్ను లేకుండా ఇస్తారట. నేను తాగను కాబట్టి నా రెండు లీటర్లూ వృథా అయిపోతాయట. మా ఆడపడుచు అల్లుడు దాదాపు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేను చచ్చిపోతే ఆ కన్నీళ్ళు వస్తాయన్న నమ్మకం నాకు లేదు.

వీళ్ళు అడుగుతున్నది ఎవరిని? మద్యపాన వ్యతిరేక ప్రతిజ్ఞ పుస్తకాన్ని ఇరవై రెండేళ్ళుగా సంకలో పెట్టుకు తిరుగుతున్న స్త్రీల సమాజం అధ్యక్షురాలిని.

అందరికీ ఒకటే జవాబు: "లేదు." ఇంత చిన్న మాటకి ఇంత బలం ఉందని ముందే తెలిస్తే నా పెళ్ళిలోనే వాడేదాన్ని.

నవంబరు 7, శుక్రవారం. సాయంత్రం 6.15

యాత్రకి వచ్చే ఆడవాళ్ళకి పాఠం చెప్పాను. ముప్ఫై మూడేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, కొలజాడీ చేతిలోకి రాగానే గొంతు దానంతటదే లేచింది. నీళ్ళు పోసి చూపించాను. ఇదీ వంద మిల్లీలీటర్లు. ఇంతకు మించిన సీసా చేతిసంచిలో ఉండకూడదు. చిన్న సీసాలన్నీ ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో పెట్టాలి.

రిటైర్డ్ నర్సు శౌరమ్మ చెయ్యెత్తింది. ఆవిడే యాత్రలో నా గదిలో ఉండబోయే మనిషి.

"రెండొందల సీసా అండీ, సగం వాడేశాను. లోపల వందే ఉందిగా. పర్లేదా?"

"పనికిరాదండీ. సీసా సైజు చూస్తారు గాని లోపలున్నది కాదు."

"మనుషుల్నీ అట్టాగే చూస్తారు లెండి," అంది.

పెరుగు ద్రవమా, ఘనమా అని చర్చ. పేస్టు సంగతేంటని చర్చ. ప్రతి ప్రశ్నకీ రూలు చెప్పాను. అందరూ రాసుకున్నారు. అయ్యగారి భార్య చివర్లో, "ఎలిజబెత్ గారు ఉండగా మన సంఘం ఎయిర్‌పోర్టులో తలదించుకోదు," అంది.

మనవరాలు బ్లెస్సీ ఇంట్లో నా సంచి తూచింది. 6 కిలోల 200. ఫొటో తీసి అందరికీ పంపించింది.

నవంబరు 10, సోమవారం. రాత్రి 8.30

పామర్రు వెళ్ళొచ్చాను. కంకిపాడు దాటిన దగ్గర్నించీ రోడ్డుకి రెండు పక్కలా కోత మిషన్లే. బస్సు నత్తనడక.

ఏసుపాదం నా తమ్ముడు. అరవై తొమ్మిది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాక అత్తగారి ఊరని పామర్రులో స్థిరపడ్డాడు. క్లోమానికి క్యాన్సర్. సెప్టెంబరులోనే డాక్టర్లు చేతులెత్తేసి, ఇంటికి తీసుకెళ్ళి అడిగింది పెట్టమన్నారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి మంచం మీద ఉతికి ఆరేసిన పంచెలా ఉన్నాడు. నోరు మాత్రం అలాగే ఉంది.

"అక్కా, నీ పాస్‌పోర్టు మీద రెండు లీటర్లు వస్తయ్యంటగా. ఒక సీసా పట్రా."

"నువ్వు కూడానా? పదకొండేళ్ళ క్రితం నా పుస్తకంలో సంతకం పెట్టావు."

"పెట్టాను. చుక్క ముట్టలేదు. ఇప్పుడూ ముట్టను. నాక్కాదు."

"మరెవరికి?"

"మరియదాసుకి."

మరియదాసు అక్కడి సమాధుల తోటలో గోతులు తవ్వే మనిషి. గొయ్యి తవ్వినవాళ్ళకి మందు పోయించడం ఈ ప్రాంతంలో చెప్పకుండా జరిగే పని. అయ్యగార్లు ఆ పది నిమిషాలూ వేరే వైపు చూస్తారు.

"దానికి ఇక్కడ కొనుక్కుంటే చాలదా?"

"నాన్నకేం చేశారో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. 1989, వాన. తవ్వేవాళ్ళకి ముందే చవక సరుకు పోయించారు. వాళ్ళు తాగి, తమకి తోచినంత తవ్వారు. శవపేటిక దించితే తలవైపు పట్టలేదు. పైకి లాగి గట్టు మీద పెట్టి, అందరం గొడుగులు పట్టుకుని నిలబడితే, ఇంకో అడుగున్నర తవ్వారు. పాడవలసిన పాటలన్నీ అయిపోయి మళ్ళీ మొదటి పాట ఎత్తుకున్నాం. అమ్మ ఆ బురదలో కూలబడి, "ఆయన్ని అక్కడ కూడా సరిగా పడుకోనివ్వరా," అంది. ఆ మాట మా ఇద్దరికీ ఇప్పటికీ వినపడుతుంది.

"మంచి ఫారిన్ సీసా అక్కా. ముందు పొయ్యకూడదు. వాళ్ళకి కనపడేట్టు గట్టు మీద పెట్టాలి. కొలత చూసుకున్నాకే మూత తియ్యాలి. అప్పుడు తవ్వుతారు ఒద్దికగా. నీకా బాధ లేదులే, పొట్టిదానివి. సగం గోతిలో సర్దుకుంటావు."

"కుదరదురా. నేను అధ్యక్షురాలిని."

"అధ్యక్షురాలిని బెజవాడలో పెట్టి తాళమేసి పో."

కుదరదు అన్నాను. మరదలు ఛాయాదేవి కాఫీ ఇచ్చింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నవంబరు 11, మంగళవారం. ఉదయం 5.15

కుదరదని చెప్పడం సరైనదే.

కారణాలు: తీర్మానం రెండో అంశం. నాలుగో అంశం. ప్రతిజ్ఞ పుస్తకం. పంతొమ్మిదిమంది.

5.40. ప్రతిజ్ఞ మళ్ళీ చదివాను. "తాగను" అని మాత్రమే ఉంటే చిక్కు లేదు. "తాగించను" అని కూడా ఉంది. ఆ మాట చేర్చింది ఎవరా అని చూస్తే నేనే. 2003లో. పక్కన మార్జిన్లో "చాలా ముఖ్యం" అని గీత కూడా గీశాను.

నవంబరు 14, శుక్రవారం. సాయంత్రం 5.30. హైదరాబాదు ఎయిర్‌పోర్టు

గన్నవరంలో నన్నెవరూ ఏమీ అడగలేదు. తల ఎత్తుకుని వచ్చాను. హైదరాబాదులో దించుకున్నాను.

నా సంచి ఒక్కటే పక్కకి తోశారు. ఇరవై ఇద్దరిలో నాదే. మొదట రెండొందల గ్రాముల కొబ్బరినూనె డబ్బా. అది ఏసీకి పేరుకుపోయింది కాబట్టి ఘనపదార్థం అని వాదించాను. ద్రవీభవన స్థానం కూడా చెప్పాను. సెక్యూరిటీ అమ్మాయి ఓపిగ్గా విని, "పేరుకున్నా కరిగినా మాకొకటే మేడం," అంది. తర్వాత దగ్గు టానిక్కు. సగమే ఉంది. సీసా మీద 120 అని ఉంది.

వెనకాల శౌరమ్మ. ఆవిడ సంచిలో పద్దెనిమిది సీసాలున్నాయి, అన్నీ చిన్నవి, అన్నీ పాసయ్యాయి.

"సీసా సైజు చూస్తారటండీ, లోపలున్నది కాదు," అంది నెమ్మదిగా.

డబ్బా, టానిక్కు రెండూ నీలం బుట్టలో పడ్డాయి. మూడో అంశం ఉల్లంఘన. పొరపాటున జరిగినది లెక్కలోకి రాదు.

నవంబరు 16, ఆదివారం. సాయంత్రం 4.00. జోర్డాన్

యొర్దాను నది చూశాం. మన బందరు కాలవలో సగం కూడా లేదు. అంత పేరు, ఇంత నీళ్ళు. అయినా మెట్ల మీద కూర్చుని పాదాలు పెట్టగానే నోట మాట రాలేదు. రెండు నిమిషాలు. అంత సేపు నేను మాట్లాడకపోవడం చూసి అమ్మగారు నా బీపీ చూడమంది శౌరమ్మని.

వంద మిల్లీలీటర్ల సీసాలు పది నింపాను. నలుగురడిగారని నలుగురికే ఇస్తే మిగతా ఆరుగురు ఊరుకోరు.

ఇది రెండో అంశం కిందికి రాదు. నీళ్ళు వస్తువు కాదు, సృష్టి.

నవంబరు 18, మంగళవారం. రాత్రి 9.00

మృతసముద్రం బురద, బ్లెస్సీకి, ఒక పొట్లం. బురద ముఖానికి రాసుకుంటారట. మా ఊళ్ళో కాలవ పూడిక తీసినప్పుడు ఊరికే ఇస్తామంటే ఒక్కళ్ళు రాలేదు.

సబ్బులు ఆరు. సబ్బు ద్రవం కాదు. ఖర్జూరం ఒక కిలో. ఖర్జూరం ఆహారం. ఒలీవ నూనె వద్దనుకున్నాను, వద్దనుకున్నట్టే చిన్న సీసాలు నాలుగే కొని శౌరమ్మ పెట్టెలో పెట్టాను. ఆవిడ పెట్టెలో ఉన్నది నా బరువు కాదు.

సంచి 8 కిలోల 900. హోటల్ తూకం మీద నమ్మకం లేదు.

నాలుగో అంశం చెక్కుచెదరలేదు. అదొక్కటే ఇక మిగిలింది.

నవంబరు 19, బుధవారం. రాత్రి 7.10

ఛాయాదేవి ఫోను. రెండు రోజులుగా బార్లీ నీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదట. పొద్దుట్నించీ మెలకువ వచ్చినప్పుడల్లా, "అక్క ఏ దేశంలో ఉంది?" అంటున్నాడట.

"ఫోను వాడికియ్యి," అన్నాను.

"అక్కా. ఎప్పుడొస్తావు?"

"శనివారం."

"సరే. శనివారం దాకా ఉంటాలే," అన్నాడు, బస్సు కోసం ఆగే మనిషిలా. సీసా మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే మళ్ళీ కుదరదు అనేదాన్ని. వెధవకి తెలుసు.

నవంబరు 21, శుక్రవారం. సాయంత్రం 6.30. మస్కట్

విమానం మారడానికి ఇక్కడ అయిదు గంటలు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

3.10. కాళ్ళు సాగడానికి నడిచాను.

3.25. డ్యూటీఫ్రీ షాపు ముందునుంచి నడిచాను.

3.32. మళ్ళీ అటే నడిచాను. ఆ ఎయిర్‌పోర్టులో దారి అటే ఉంది.

3.40. లోపల. మలయాళీ అమ్మాయి వచ్చి ఏం కావాలంది. విస్కీ అన్నాను. గొంతు నాది కాదు. పొగ వాసనవా, తీపివా అని అడిగింది. నాకేం తెలుసు? "రెండు గంటలు పలుగూ పారా పట్టినవాళ్ళకి ఏది బావుంటుందమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి ఆలోచించింది. నవ్వలేదు, అందుకే ఆమె చెప్పిందే తీసుకున్నాను. పన్నెండేళ్ళు పీపాలో నిలవ ఉంచినదట. ఏసుపాదం మానేసిన ఏడాదికి ముందే అది పీపాలోకి వెళ్ళి కూర్చుంది. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకళ్ళ జోలికి ఒకళ్ళు వెళ్ళలేదు.

లీటరు సీసా. దాన్ని ఒక గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రసీదు కూడా లోపలే పెట్టి, అంచు అంటించేసింది. హైదరాబాదులో మళ్ళీ విమానం మారాలని చెబితే, ఆఖరి ఊరు చేరేదాకా సంచి విప్పొద్దని, విప్పితే సెక్యూరిటీవాళ్ళు తీసేసుకుంటారని చెప్పింది.

"లోపల కాగితంలో చుట్టి అంటించకూడదా?"

"కుదరదు మేడం. లోపలేముందో కనపడాలి."

"అందరికీనా?"

"అందరికీ."

విప్పితే సీసా పోతుంది, విప్పకపోతే పరువు. అయిదు నిమిషాలు ఆ షాపు స్తంభం పక్కన నిలబడి రెండూ తూచాను. పరువు బరువు తక్కువ తూగిందని చెప్పను. వాన, గొడుగులు, మా అమ్మ గుర్తొచ్చి చెయ్యి దానంతటదే సంచి పట్టుకుంది.

శాలువా తీసి దాని మీద కప్పి, ఒళ్ళో పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాను. మా వాళ్ళంతా ఎదురు వరసలోనే ఉన్నారు.

శౌరమ్మ వంగి చూసింది. "ఎవరి బిడ్డండీ?"

"ఊరుకోండి."

"తల పైకొచ్చింది. కప్పండి, జలుబు చేస్తది."

అమ్మగారు తలతిప్పింది. ఆవిడ చూపు ముందు సీసా మెడ మీద, తర్వాత నా మెడ మీద పడింది. ఇక దాచడం దొంగతనంలా ఉంటుందని శాలువా తీసేశాను. ఇరవై ఒక్కమంది. జాన్సన్ అయ్యగారు విమానాల బోర్డు చదవడం మొదలుపెట్టారు, అందులో మా విమానం ఇంకా రాలేదు.

"ఎలిజబెత్ గారూ. ఇదేంటండీ?"

"విస్కీ అండీ."

"ప్రతిజ్ఞలో తాగించను అని ఉంది కదండీ."

"ఉందండీ. నేనే రాశాను."

"మరి?"

"మా తమ్ముడు ఆరడుగుల రెండంగుళాలండీ," అన్నాను. తర్వాత మొదట్నించీ చెప్పాను. నాన్న గొయ్యి, వాన, మళ్ళీ పాడిన పాట. చెబుతుంటే అమ్మగారి మొహంలో ఏమీ మారలేదు. అయిపోయాక ఆవిడ చేతిసంచి తెరిచి, పిప్పరమెంటు బిళ్ళ ఒకటి నాకిచ్చి, అటు తిరిగి కూర్చుంది. క్షమాపణో, శిక్షో తెలియలేదు. చప్పరించాను.

నవంబరు 22, శనివారం. మధ్యాహ్నం 12.00. హైదరాబాదు

అర్ధరాత్రి దాటాక దిగాం, గన్నవరం విమానం ఇవాళ మధ్యాహ్నానికి. సామాన్లు వచ్చే చోటికి వెళ్ళే దారిలోనే ఇంకో డ్యూటీఫ్రీ షాపు. అదే సీసా. అదే పన్నెండేళ్ళు. రెండొందలు తక్కువ. విమానం దిగాక కూడా కొనుక్కోవచ్చని పదకొండు ఫోన్లలో ఒక్కళ్ళు చెప్పలేదు.

అక్కడ బుట్ట పట్టుకుని మా సంఘం కోశాధికారి ఫిలిప్ కనిపించాడు. నన్ను చూసి బుట్ట వెనక్కి పెట్టాడు, నా చేతిలో సంచి గుర్తొచ్చి మళ్ళీ ముందుకు తెచ్చాడు.

"ఆంటీ, మీ వంతు ఇంకో లీటరు మిగిలిందిగా. మీ పాస్‌పోర్టు ఒక్కసారి ఇస్తారా?"

"నీ సంతకం పద్నాలుగో పేజీలో ఉంది ఫిలిప్."

"మా బాసు కోసం అండీ."

"బాసు పొడుగెంత?"

వెళ్ళిపోయాడు. నా తర్వాత వచ్చిన ఇద్దరు విశ్వాసులు కూడా నన్ను చూసి చాక్లెట్ల వైపు మళ్ళారు. ఒక్క రోజులో ఇంతమందిని మద్యం నుంచి కాపాడటం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

పెట్టెలు తీసుకున్నాక శౌరమ్మ తనది తెరిచింది. "ఇందులో పెట్టెయ్యండి, గన్నవరం దాకా ఎవరికీ కనపడదు."

నిజమే. ఇక్కడ పెట్టెలు మళ్ళీ అప్పజెప్పాలి కాబట్టి వీలుంది. కాని ఆ పెట్టెలో నా నూనె సీసాలు నాలుగు, ఆవిడ రాతి బొమ్మలు ఏడు. విసిరేస్తే ఏది దేన్ని పగలగొడుతుందో దేవుడికే ఎరుక.

"వద్దండీ. పగిలితే వాడికి గాజుపెంకులు చూపించాలి."

"అందరూ చూస్తారు."

"చూశారుగా."

సెక్యూరిటీలో ఆయన సంచిని అటూ ఇటూ తిప్పాడు. అంటించిన అంచు వేలితో తడిమాడు. రసీదులో తేదీ చదివాడు. ఏదో అనుమానం వచ్చి పైకెత్తి, నాలుగు వరసల అవతల ఉన్న పెద్దాఫీసరుకి చూపించాడు. మొత్తం హాలు చూసింది. తీసేసుకుంటారేమోనని బల్ల మీదికి వంగి, అంచు విప్పలేదని చెప్పాను. పెద్దాఫీసరు తల ఊపాడు.

"ఎవరిదండీ ఇది?"

"నాది," అన్నాను. క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతుతో.

అదే రోజు, రాత్రి 8.00. పామర్రు

గన్నవరం నుంచి ఇంటికి పోకుండా కారు మాట్లాడుకుని వచ్చేశాను.

వాడు ఉన్నాడు. కళ్ళజోడు అడిగి పెట్టుకుని, సంచి విప్పకుండానే లేబుల్ మొత్తం చదివాడు. తర్వాత నా సంచి వైపు చూసి, "ఏడు కిలోలన్నావు. గాడిద మోసేంత ఉంది," అన్నాడు. ఛాయాదేవి ఇడ్లీ తెస్తే ఒకటి తిన్నాడు. సగం సగం చేసి, రెండు సగాలూ.

మరియదాసుని పిలిపించాడు. పాపం ఆయన గుమ్మంలోనే నిలబడి తలగుడ్డ విప్పాడు, ఆలస్యమైపోయిందేమో అనుకుని.

"లోపలికి రా. చూడు."

మరియదాసు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంత ఖరీదుది మాకెందుకయ్యా."

"నీక్కాదు, నా పొడుగుకి. టేపు తెచ్చావా?"

"అయ్యా, బతికున్న మనిషిని కొలవకూడదండీ."

"చచ్చాక కొలిస్తే మా నాన్నకైనట్టవుద్ది. కొలు."

కొలిచాడు. ఆరడుగుల రెండు. పెట్టెకి ఇంకో అరడుగు. అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు నాతో గుమ్మం దగ్గర, "అమ్మగారూ, సీసా లేకపోయినా అయ్యగారికి సరిగ్గానే తవ్వేవాణ్ణండీ," అన్నాడు. తలగుడ్డ చుట్టుకుంటూ, "వెనక్కి మాత్రం పట్టుకుపోమాకండి," అన్నాడు.

నవంబరు 26, బుధవారం. సాయంత్రం 5.00

స్త్రీల సమాజం అత్యవసర మీటింగు. ప్రతిజ్ఞ పుస్తకం, బీరువా తాళాలు, చందా రసీదులు బల్ల మీద పెట్టి రాజీనామా అన్నాను.

తాళాల వైపు ఎవరూ చూడలేదు. ఆ బీరువాలో క్రిస్మస్ నాటకం రెక్కలు, కిరీటాలు, ఇరవై ఏళ్ళ తగాదాలు ఉన్నాయి.

చివరికి అమ్మగారు, "గొయ్యి సరిగ్గా లేకపోతే మా అత్తగారికి ఏమైందో మీకెవరికీ తెలియదు," అని మొదలుపెట్టింది. ఆ కథ ముప్పావు గంట. దాని తర్వాత ఇంకో ముగ్గురి కథలు. రాజీనామా సంగతి టీలు వచ్చేసరికి ఎవరికీ గుర్తులేదు. తాళాలు తిరిగి నా సంచిలోకే వచ్చాయి.

మరొక తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించారు: వచ్చే యాత్రలో ద్రవపదార్థాల పాఠం శౌరమ్మ చెబుతుంది.

నవంబరు 30, ఆదివారం. రాత్రి 7.30

ఆరాధన అవగానే పామర్రు.

ఏసుపాదం దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. డాక్టరు కొత్తగా ఏమీ అనలేదు. నొప్పి అలాగే ఉంది. కాని పూటకి రెండు ఇడ్లీలు. మరియదాసు వారంలో నాలుగుసార్లు పరామర్శకి వచ్చాడట. ఏ బంధువూ అన్నిసార్లు రాలేదు. ఆయన వచ్చినప్పుడల్లా సీసా గూట్లోంచి తీసి చూపించడం, మళ్ళీ గూట్లో పెట్టడం. వీడికి అదొక పని దొరికింది.

"అక్కా, ఒకటి చాలదు."

"ఏంటి చాలదు?"

"మరియదాసు ఒక్కడే తవ్వుతాడనుకున్నా. బావమరిది, తమ్ముడు, ఇంకోడు, నలుగురంట. నలుగురికి లీటరంటే మనకే అప్రతిష్ఠ. నీ వంతు రెండోది ఉండిపోయిందిగా."

"అది ఆ ప్రయాణంతోనే పోయింది. మిగిల్చి దాచుకోవడానికి రేషను కాదు."

"మళ్ళీ వెళ్తే?"

"మళ్ళీ వెళ్తే మళ్ళీ రెండు."

"ఎప్పుడెళ్తావు?"

నాకు వెళ్ళే ఆలోచనే లేదు. పాదాలకి ఇంకా వాపు తగ్గలేదు. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. యాత్రల ఏజెంటు పంపిన కాగితం ఒకటి సంచిలో ఉంది, చూడకుండా పడేద్దామనుకున్నది. తీసి చదివాను. సింగపూరు, మలేషియా, ఆరు రోజులు.

"మార్చిలో," అన్నాను.

"మార్చా?" వేళ్ళ మీద లెక్కపెట్టాడు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మూడో వేలు పట్టుకుని ఆగాడు. "దూరం కదే."

"అంతకంటే ముందు టిక్కెట్లు లేవు. నువ్వుంటేనే తెస్తాను. నువ్వు లేకపోతే ఆ నలుగురి పేరు చెప్పి నేను విస్కీ కొనను. నా పరువు నాకుంది."

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"సరే," అన్నాడు. "డబ్బు కట్టెయ్యి."

బస్సులోంచే ఏజెంటుకి ఫోను చేసి అడ్వాన్సు కట్టాను. ఇంటికొచ్చి కొత్త పేజీ తీశాను.

తీర్మానం, రేపటినుంచి:
1. ఒకే సంచి. ఏడు కిలోలు.
2. ఎవరికీ ఏదీ తీసుకురాను. ఏసుపాదానికి తప్ప.
3. ప్రతి సీసా మీద అంకె చదువుతాను.
4. ఏసుపాదం మార్చి దాకా ఆగాలి. ఇది వాడి అంశం. నేను చెయ్యగలిగింది టిక్కెట్టు కొనడమే, కొనేశాను.